పుంగనూరులో దిగకూడదు

పాప పుట్టినప్పటి నుంచి నా కుడిచేతి చూపుడువేలికి ఒకటే పని. నిద్రపోతున్న పాప ముక్కు కింద పెట్టి, ఊపిరి ఆడుతోందో లేదో చూడటం. వెచ్చటి గాలి తగిలితే హమ్మయ్య అనుకునేదాన్ని. కాసేపటికే అనుమానం వచ్చేది. ఇందాక తగిలింది పాప ఊపిరా, ఫ్యాను గాలా? ఫ్యాను ఆపి మళ్ళీ చూసేదాన్ని. ఫ్యాను ఆగితే ఉక్కకు పాప లేచి ఏడిచేది. అప్పుడు నాకు ప్రాణం కుదుటపడేది. ఊపిరి ఆడని పిల్ల ఏడవదు కదా.

మా అత్త ఇదంతా చూసీ చూసీ ఒకరోజు అంది. "నువ్వే లేపుతావు, నువ్వే జోకొడతావు. దానికీ ఒక నిద్రంటూ ఉంటాదమ్మా. దాన్ని పండుకోనీ."

మాది పుంగనూరు ఊరి చివర ఇల్లు. మామ మల్బరీ తోట వేసి పట్టుపురుగులు పెంచుతాడు. ఇంటి వెనకాలే పురుగుల షెడ్డు. నా భర్త కుప్పంలో ఒక గ్రానైట్ కంపెనీలో లెక్కలు చూస్తాడు. శనివారం చీకటి పడ్డాక వస్తాడు, సోమవారం తెల్లారకముందే పోతాడు. నేను బాటనీ ఎమ్మెస్సీ. పెళ్ళికి ముందు మదనపల్లెలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పాను. ఆ ఏడాది కుప్పంలో ఒక కాలేజీకి బాటనీ చెప్పేవాళ్ళు కావాలన్నారు. మే నెలలో వచ్చి ఒక పాఠం చెప్పి చూపించాలి, నచ్చితే జూన్‌లో చేరాలి. చేరితే మేమంతా ఒకేచోట ఉండొచ్చు. అత్త మాతో వచ్చి పాపను చూసుకుంటానంది. మామ, పురుగులున్నప్పుడు పుంగనూరులో, లేనప్పుడు కుప్పంలో ఉంటానన్నాడు. అందరూ ఒప్పుకున్నారు. అడ్డం నేనొక్కదాన్నే.

పాపను కంటికి కనపడకుండా వదిలి నేను ఉండలేను. స్నానానికి పోతే తలుపు ఓరగా తీసిపెట్టి, నీళ్ళు పోసుకుంటూ "పాప ఏం చేస్తోంది" అని అడుగుతూనే ఉండేదాన్ని. పాల ప్యాకెట్టుకని వీధి చివరికి బయలుదేరి, సగంలో వెనక్కి వచ్చేదాన్ని. అప్పుడప్పుడే నడక నేర్చిన పాప పల్లీ గింజ మింగుతుంది, బకెట్టులో తల పెడుతుంది, గడప తట్టుకుని పడుతుంది. ఇవేవీ జరగలేదు. జరగకపోవడం వల్ల నాకు ధైర్యం రాలేదు, ఇంకా జరగలేదనే దిగులు వచ్చేది.

"కుప్పం పోయి రావాలంటే పొద్దున పోతే సాయంత్రం," అన్నాడు నా భర్త. "నువ్వు పాల అంగడికే సగం దావలో వెనక్కి వస్తాండావు. పాఠం యాడ సెప్తావు, బస్టాండులోనా?"

మదనపల్లెలో నాతో పనిచేసిన ఫిజిక్స్ మేడం ఒకరున్నారు. రిటైరయ్యాక బుద్ధుడి ధ్యానం నేర్చుకుని, ఆదివారాల్లో నలుగురిని కూర్చోబెడుతున్నారని విన్నాను. ఫోనులో నా గోడు చెప్పుకుంటే, "ఒకసారి వచ్చి కూర్చో, పోయేదేముంది," అన్నారు. పోయేది ఏముందో నేను చాలా చెప్పగలను గానీ, ఆదివారం నా భర్త ఇంట్లోనే ఉంటాడు కాబట్టి పాపను అతని ఒళ్ళో పెట్టి బస్సెక్కాను. మదనపల్లె చేరేలోపు ఎన్నిసార్లు ఫోన్ చేశానో చెప్పను.

ఆ గది టమోటా మార్కెట్టు దగ్గర, డ్రిప్పు పైపుల అంగడి మీద మేడలో ఉంది. చాపలు, ఒక గోడ గడియారం, అంతే. దేవుడి పటం లేదు, బుద్ధుడి బొమ్మ కూడా లేదు. కింద లారీలు హారన్లు కొడుతుంటే పైన మేము కళ్ళు మూసుకుని ప్రశాంతంగా ఉండాలి. నా పక్కన కూర్చునే టమోటా మండీ ఆయనకు కళ్ళు మూయగానే గురక వచ్చేది. ఆయన లేచాక "ఈరోజు బాగా కుదిరింది" అనేవాడు.

"ముక్కు దగ్గర ఊపిరి వస్తాండాది, పోతాండాది. దాన్ని చూడు," అన్నారు మేడం. నాకు నవ్వొచ్చింది. నా వేలి సంగతి చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

"అయితే నీకు సగం పని వచ్చు. ఇన్నాళ్ళు ఇంకొకరి ఊపిరి చూసినావు, ఇప్పుడు నీది చూడు. ఉందా లేదా అని కాదు. ఉందని తెలుసు కదా. ఊరికే చూడు."

ఊరికే చూడటం నాకు చేతకాని పని. నేను ఏది చూసినా కొంపలు మునుగుతాయేమోనని చూస్తాను. కొన్ని ఆదివారాలు అలాగే గడిచాయి. నా ఊపిరి చూస్తే అది కూడా ఆగిపోతుందేమోనని భయపడి గట్టిగా పీల్చేదాన్ని. పక్కన మండీ ఆయన ఉలిక్కిపడి లేచేవాడు. అయినా ఇంట్లో కూడా కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. మార్చిలో గంగమ్మ జాతర అయిన వారానికి మామ పట్టుగూళ్ళు అమ్మేసి, షెడ్డు కడిగి బ్లీచింగు కొట్టాడు. తర్వాతి పంట పురుగులు వచ్చేదాకా అది ఖాళీ. పాప అత్త చంకన ఉన్నప్పుడు, పొద్దున పూట, నేను అక్కడికి పోయి, గోడకు ఆనించిన చంద్రికల మధ్య ఒక గోనెపట్ట పరుచుకుని కూర్చునేదాన్ని. ఆ వెదురు తట్టల్లోనే పురుగులు గూడు కట్టుకునేది. నాకు ఏదో ఒక గూడు దొరుకుతుందనే ఆశ.

ఒక మంగళవారం దొరికింది.

ఊపిరి చూస్తూనే ఉన్నాను. ఎప్పుడు మొదలైందో తెలియదు. అరికాళ్ళలో సన్నగా ఏదో పాకినట్టయింది. నాలుగోసారి పొర విడిచి నిద్ర లేచాక పట్టుపురుగులు ఆకు తింటుంటే షెడ్డంతా వాన తుంపర పడుతున్న చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు నా చర్మం లోపల వినపడింది. అలా పిక్కల మీదుగా, వీపు మీదుగా, మెడ దాకా వచ్చింది. ఒళ్ళంతా గగుర్పొడిచింది. ఒక అల పోయి ఇంకొక అల. ఒళ్ళు బరువు లేనట్టు అటూ ఇటూ ఊగింది, నేను ఊపలేదు. కళ్ళల్లో నీళ్ళు కారుతున్నాయి, దుఃఖం లేదు. ఇంత సంతోషం ఎందుకో తెలియదు. దేనికోసమూ కాదు. చాలా రోజుల తర్వాత తెలిసిన సంగతి ఏమిటంటే, ఆ కాసేపూ నాకు పాప గుర్తు రాలేదు.

సరిగ్గా అప్పుడు అత్త పాపను ఎత్తుకుని షెడ్డు పక్క నుంచి పోతూ, ఈగలు రాకుండా కట్టిన మెష్షులోంచి లోపలికి చూసింది. జుట్టు విరబోసుకుని ఉన్నాను, తల స్నానం చేశాను కాబట్టి. ఊగుతున్నాను. ఏడుస్తూ నవ్వుతున్నాను. మంగళవారం. జాతర అయి నెల కూడా కాలేదు. మా వైపు పుట్టిన ఏ ఆడమనిషికైనా ఇంతకు మించి చెప్పనక్కర్లేదు.

నా నెత్తిన బిందెడు పసుపు నీళ్ళు పడ్డాయి.

కళ్ళు తెరిచేసరికి అత్త, పాపను మామకిచ్చి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడి ఉంది. నా చేతిలో వేపమండ ఉంది, ఎవరు పెట్టారో తెలియదు.

"ఎవురు తల్లీ నువ్వు?" అంది అత్త, నేనెప్పుడూ వినని గొంతుతో.

"నేనే అత్తా."

"నువ్వేలే తల్లీ. నువ్వు కాక ఎవురు వస్తారు. పేరు సెప్పు."

"అత్తా, నేను మీ కోడల్ని."

"ఈ ఇంటికి కోడలుగా వచ్చినావా తల్లీ," అంటూ అత్త కాళ్ళ మీద పడబోయింది. నేను లేచి వెనక్కి జరిగాను. చంద్రికలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అది కూడా ఒక మహిమగానే లెక్కకు వచ్చింది.

చప్పుడుకు ఎదురింటి పిన్నమ్మ పరిగెత్తుకొచ్చింది. సంగతి అడగలేదు, చూడగానే అర్థమైపోయింది ఆమెకు. ముందు కొంగు కప్పుకుని దండం పెట్టింది, తర్వాత నేరుగా విషయానికి వచ్చింది. "మావోడికి పెండ్లి ఎప్పుడవుతాది తల్లీ?"

"నాకేం తెలుసు పిన్నమ్మా. చలేస్తాండాది," అన్నాను, పళ్ళు టకటకలాడుతుంటే.

పిన్నమ్మ అత్త వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది. "చలికాలం అంటాండాది."

ఆ రోజంతా నేను చెప్పని చోటు లేదు. అది పూనకం కాదు, ధ్యానంలో అలా వస్తుంది, బుద్ధుడు కూడా చెప్పాడు అని. అత్త ఓపికగా విని, "అమ్మోరు మీదికి వచ్చినోళ్ళు ఎవురైనా వచ్చిందని ఒప్పుకుంటారా? మా యమ్మా ఇట్లే అనేది," అంది. కాదంటే నిజమన్నట్టు. అవునంటే ఇంక చెప్పేదేముంది. మామ ఒక్కడే అనుమానించాడు. "షెడ్డులో కూర్చుంటే ఎట్లమ్మా? బ్లీచింగు వాసనకు ఎవురికైనా కండ్లల్లో నీళ్ళొస్తాయి," అన్నాడు. గంగమ్మకూ బుద్ధుడికీ సంబంధం లేని ఆ కారణం నాకు చాలా నచ్చింది గానీ, ఆయన మాట మా ఇంట్లో ఎప్పుడూ చెల్లలేదు.

మరుసటి రోజు నుంచి నేను గిన్నెలు కడగకూడదు. నాకు వేరే కంచం, వేరే చాప. అత్త నన్ను పేరు పెట్టి పిలవడం మానేసింది. పొద్దున్నే కాఫీ నా చాప దగ్గరికి వచ్చేది. మొదటిరోజు మొహమాటపడ్డాను, తర్వాత పడలేదు. వీధిలోవాళ్ళు పసిపిల్లలను తెచ్చి విభూతి పెట్టమనేవాళ్ళు. ఊపిరి ఆడుతోందా అని తెల్లవార్లూ లేచి చూసుకునే నేను, ఎవరి బిడ్డకో ఏమీ కాదులే అని చెబుతున్నాను. శనివారం ఇంటికి వచ్చిన నా భర్త ఎప్పుడూ వరండాలో విడిచే చెప్పులు గేటు దగ్గరే విడిచాడు.

"నువ్వూనా?" అన్నాను.

"నేను నమ్మలేదప్పా," అన్నాడు. చెప్పులు మాత్రం గేటు దగ్గరే ఉన్నాయి.

నవ్వుకునే వ్యవహారమే, అత్త కుప్పం మాట ఎత్తేదాకా. "అమ్మోరు వచ్చే మనిషిని పొలిమేర దాటించకూడదు. దాటిస్తే ఇంటికి మంచిది కాదు," అంది.

"కుప్పంలో కూడా గంగమ్మ ఉండాది కదత్తా. మే నెలలో అంత పెద్ద జాతర చేస్తారు."

"అదే నేను సెప్పేది. ఆడ ఆ యమ్మ ఉండాది. ఈ యమ్మను తీసుకుపోయి ఆ యమ్మ ఊర్లో కాపురం పెడితే ఊరుకుంటాదా? అక్కాచెల్లెండ్లే, కాదనను. ఒగ ఇంట్లో ఇద్దరు తోడికోడండ్లకే పొసగదు."

దీనికి జవాబు ఎమ్మెస్సీలో లేదు. అత్త రాకపోతే పాపను చూసేవాళ్ళు లేరు, పాపను చూసేవాళ్ళు లేకపోతే ఉద్యోగం లేదు. పైగా అత్త మొండితనానికి చెప్పడం లేదు. నాకూ పాపకూ ఏదైనా అవుతుందని నిజంగా వణికిపోతోంది. ఆ వణుకు ఎలా ఉంటుందో నాకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు.

ఇంకో సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ అలలు మళ్ళీ రాలేదు. ఆ మంగళవారం తర్వాత నేను రోజూ దానికోసమే కూర్చున్నాను. అరికాళ్ళ మీదే ధ్యాస. దోమ వాలినా వచ్చేసిందనుకునేదాన్ని. రాకపోతే కోపం, వస్తుందేమోనని ఆత్రం. అంతకుముందు పాప ఊపిరి కోసం చేసినదంతా ఇప్పుడు నా సంతోషం కోసం చేస్తున్నాను. ముక్కు కింద వేలు పెట్టినట్టే.

ఆదివారం మదనపల్లె పోతానంటే అత్త కాదనలేదు. "నేనూ వస్తా. నేను తోడుంటే పొలిమేర దాటొచ్చు. అమ్మోరిని తెప్పించింది ఆ మేడమే కదా, ఏం మొక్కు తీర్చాలో అడగాల," అంది. పళ్ళెంలో పసుపు, కుంకుమ, టెంకాయ పెట్టుకుని, సంచిలో వేపాకు వేసుకుని బయలుదేరింది. నేను పాపను ఎత్తుకున్నాను. మేడ మీద గదిలోకి వచ్చి అత్త నాలుగు గోడలూ చూసింది.

"దేవుడు యాడ ఉండాడు?"

"ఈడ పటం ఏమీ పెట్టలేదమ్మా," అన్నారు మేడం.

అత్త కాసేపు ఆలోచించి, గోడ మీద ఉన్న ఒకే ఒక్క వస్తువు దగ్గరికి పోయి, దానికి కుంకుమ బొట్టు పెట్టింది. ఆ గడియారానికి ఇప్పటికీ పన్నెండు దగ్గర బొట్టు ఉంది. మేడం తుడవలేదు.

జరిగిందంతా చెప్పాను. మేడం ఆశ్చర్యపోలేదు. "దాన్ని ప్రీతి అంటారు. మనసు ఒకచోట నిలిస్తే ఒళ్ళంతా అట్ల పొంగుతాది. కొందరికి మెరుపు మాదిరి, కొందరికి అలలు అలలుగా. మంచిదే. నీకిప్పుడు అది మళ్ళీ కావాల, అవునా?"

తల దించుకున్నాను.

"నువ్వు మదనపల్లెలో కుప్పం బస్సు ఎక్కినావనుకో. మధ్యలో పుంగనూరు వస్తాది. బాగుంటాది, చల్లగా ఉంటాది. కిటికీలోంచి చూడు, సంతోషపడు. కానీ పుంగనూరులో దిగకూడదు."

"మా ఊరికేమి తక్కువ?" అంది అత్త వెంటనే.

"తక్కువేం లేదమ్మా. కానీ ఆమె పోవాల్సింది కుప్పం."

"కుప్పంలో ఏముండాది?"

"ఉపేక్ష," అన్నారు మేడం. జ్వరాన్ని ఉపేక్షించకూడదు అన్నప్పటి ఉపేక్ష కాదని నాకు అంతకుముందే చెప్పి ఉన్నారు. ఇప్పుడు అత్త కోసం ఇంకొంచెం వివరించారు. "సంతోషం వస్తే వచ్చిందని చూస్తాం, ఎగిరి పట్టుకోం. భయం వస్తే వచ్చిందని చూస్తాం, తరిమేయం. బిడ్డ మీద ప్రేమ యాడికీ పోదు. ప్రేమలో ఉండే వణుకు పోతాది. చేయాల్సిన పని నిదానంగా చేస్తాం."

అత్త తల ఊపింది. అందరితో పాటు కళ్ళు మూసుకుని కూర్చుంది. కాసేపటికి మండీ ఆయన గురకకు ఇంకొక గురక తోడైంది. పాప ఒక్కతే మెలకువగా ఉండి అందరి ముఖాలూ తడిమి చూసింది.

తిరుగు బస్సులో అత్త పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఊరు దగ్గర పడ్డాక అడిగింది. "అంటే ఆ మేడం కుప్పానికి పొమ్మంటాండాదా?"

"కుప్పం అంటే ఆ కుప్పం కాదత్తా. మాట వరసకు చెప్పింది."

"మరి పుంగనూరు?"

"అదీ మాట వరసకే."

"మనమిప్పుడు యాడికి పోతాండాము?"

"పుంగనూరికి."

"దిగొచ్చా?" అంది అత్త. ఆమె ముఖం చూశాను. వెక్కిరించడం లేదు. నిజంగానే అడుగుతోంది.

దిగాం. ఇంటికి పోయేలోపు అత్త ఒక నిర్ణయానికి వచ్చేసింది. మేడం చెప్పింది చాలదు, నేను చెప్పింది అసలే చాలదు. గంగమ్మనే అడగాలి. నా కాలేజీ పాఠం ముందున్న శుక్రవారం అమ్మోరిని పిలిపించి, పోవాలో వద్దో ఆమె నోటితోనే చెప్పించుకోవాలి. ఆమె నోరు అంటే నా నోరు.

ఫోనులో ఈ మాట విని నా భర్త ఊపిరి పీల్చుకున్నాడు. "ఇంకేం మరి. రెండు నిముషాలు ఊగు. పంపించండి అని గట్టిగా ఒక మాట అను. అయిపోతాది."

నేను కూడా అదే అనుకున్నాను, ఒక రాత్రంతా. అంత తేలికైన పని ఇంకొకటి లేదు. కాలేజీలో నాటకాలు కూడా వేశాను. కానీ శుక్రవారం దగ్గర పడేకొద్దీ ఆ తేలిక పోయింది. అత్త వాళ్ళమ్మకు గంగమ్మ వచ్చేదట. ఆమె పోయాక ఆ ఇంట్లో ఎవరికీ రాలేదట. నన్ను చూసినప్పుడల్లా అత్త కళ్ళల్లో తల్లిని చూసిన వెలుగు ఉండేది. దానికి ఎదురుగా కూర్చుని ఊగడం నా వల్ల కాదు. షెడ్డులో నాకు వచ్చింది ఏదైనా కానీ, అది నిజం. దాన్ని జాతరలో వేషం కట్టినట్టు కట్టుకోలేను. అలాగని ఊగకపోతే కుప్పం లేదు. రెండూ తెలిసే పోయి పీట మీద కూర్చున్నాను.

మా హాలు నిండిపోయింది. పిన్నమ్మ తన కొడుకును కూడా తెచ్చింది, సంబంధం ఏ దిక్కునుంచో కనుక్కోవడానికి. పంబ వాయించే ఆయన మూల కూర్చుని డోలు వేడి చేశాడు. అత్త నా ముందు కర్పూరం వెలిగించి, పాపను పిన్నమ్మ చేతికిచ్చింది. పంబ మొదలైంది. ఆ చప్పుడు గుండెలో కొడుతుంది, ఎవరికైనా. నేను కళ్ళు మూసుకుని ముక్కు దగ్గరికి పోయాను.

ఏమీ రాలేదు. అలలూ లేవు, తుంపరా లేదు. చెమట పడుతోంది. వీపు దురద. కర్పూరం పాపకు అందుతుందేమోనని భయం వచ్చింది. వచ్చింది అనుకున్నాను. ఉద్యోగం పోతుందని దిగులు వచ్చింది. అదీ వచ్చింది అనుకున్నాను. "రా తల్లీ," అంటోంది అత్త. పంబ వేగం పెరిగింది. ఇప్పుడు కొంచెం ఊగితే చాలు అనే ఆలోచన కూడా వచ్చి కూర్చుంది, ఎంతో మర్యాదగా. దాన్ని కూడా చూశాను. లోపల వాళ్ళందరూ కిక్కిరిసి ఉన్నారు, బయట హాలులాగే. వాళ్ళ మధ్య ఊపిరి దాని పాటికి అది వస్తోంది, పోతోంది. సంతోషంగా ఏమీ లేదు. పరవాలేదు అన్నట్టుంది.

అప్పుడు పాప పడింది. గడప అవతల నిలబడ్డ పిన్నమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టిందట, చంకలో ఉన్నది జారిపోయిందన్నమాట. పడి, లేచి, వేపమండ కోసం వస్తూ గడప తట్టుకుని మళ్ళీ ముఖం మీద పడింది. నేను నెలల తరబడి కలలో చూసిన గడప అదే.

కళ్ళు తెరిచాను. పెదవి మీద నెత్తురు. పంబ ఆగిపోయింది. అందరూ ఒకేసారి అరిచారు. భయం వచ్చింది, అది రావడం నాకు తెలిసింది. దాంతో పాటే లేచి, నడిచి పోయి, పాపను ఎత్తుకున్నాను. పెదవి తీసి చూశాను. పన్ను గుచ్చుకుంది, అంతే. పన్ను కదలలేదు. కొంగు తడిపి ఒత్తాను. తల తడిమి చూశాను, బొప్పి లేదు. పాప నా భుజం మీద కాసేపు ఏడ్చి, ఏడుపు ఆపి, వేపాకు ఒకటి నోట్లో పెట్టుకుని, చేదుకు ముఖం చిట్లించి, అందుకోసం మళ్ళీ కొత్తగా ఏడిచింది.

అందరూ నన్నే చూస్తున్నారు. అత్త హారతి పళ్ళెం పట్టుకుని దగ్గరికి వచ్చింది.

"నువ్వు అరవలేదే," అంది.

"లేదత్తా."

"మొన్న దోమ కుడితే మదనపల్లె డాక్టరు దాకా పోయినావు."

"పోయినాను."

అత్త పంబ ఆయన వైపు చూసింది. ఆయన డోలు పక్కన పెట్టి, పెద్ద డాక్టరులా తల అడ్డంగా ఊపాడు. "లేదమ్మా. ఎల్లిపోయింది. ఇంత పిలిచినా రాలేదంటే ఈ మనిషిలో లేనట్టే."

అత్త ముఖం చిన్నబోయింది. పళ్ళెం కింద పెట్టి, వేపమండలు ఒక్కొక్కటే ఏరుకుని కట్ట కట్టింది. అందరూ ప్రసాదం తిని వెళ్ళిపోయారు. పిన్నమ్మ కొడుకు చలికాలం దాకా ఆగాల్సిందే. నేను పాపను ఎత్తుకుని అత్త పక్కన కూర్చున్నాను. పీట కింద మిగిలిన ఒక మండ తీసి ఇచ్చాను. ఆమెకు తల్లి రెండోసారి పోయినట్టు ఉంది.

చివరికి అత్తే అంది, కట్ట వైపు చూస్తూనే. "గంగమ్మ పోయినాక ఇంక పొలిమేరతో ఏం పని. పో. పాఠం సెప్పేసి రా." కొంచెం ఆగి, "నేనూ వస్తా కుప్పానికి. ఆడి జాతర నేను సూళ్ళేదు." ఇంకొంచెం ఆగి, "పొయ్యి కాడ గిన్నెలుండాయి. కడుగు," అంది. ఇన్ని రోజుల తర్వాత నన్ను పేరు పెట్టి పిలిచింది.

సోమవారం మదనపల్లె నుంచి వచ్చే కుప్పం బస్సు ఎక్కాను. అత్త బస్టాండు దాకా పాపను ఎత్తుకుని వచ్చింది. పాప ఏడుస్తుందని, నేను దిగిపోవాల్సి వస్తుందని లోపల ఎక్కడో ఒక ఏర్పాటు చేసుకున్నాను. పాప బిస్కెట్టు తింటూ, నాకు కాదు, కండక్టరుకు టాటా చెప్పింది. బస్సు కదిలింది. పుంగనూరు కిటికీలోంచి వెనక్కి పోయింది. నిజంగానే బాగుంది.

పలమనేరు దాకా ఉపేక్షతో ఉన్నాను. పలమనేరులో ఫోన్ తీశాను.

"పాప ఏం చేస్తాండాది?"

"పండుకోనుండాది."

"ఊపిరి..." అని ఆగాను. ఆగింది నేనే గానీ మాట అప్పటికే పోయింది.

"ఆడతాండాది," అంది అత్త. "నాకూ ఆడతాండాది. మీ మామకూ ఆడతాండాది. ఆ బస్సులో ఉండేవోళ్ళను కూడా ఒగసారి సూసుకో."

పక్క సీటులో ఒక ముసలాయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. చూశాను. ఆడుతోంది. ఫోను సంచిలో వేసి, సంచి పై గూట్లో పెట్టాను, చేతికి అందకుండా. వి.కోట వచ్చేసరికి లేచి సంచి దించుకున్నాను గానీ, ఫోను తీయలేదు. పాఠం కాగితాలు తీశాను. వాటిని చదువుకుంటూ, మధ్యమధ్యలో భయపడుతూ, ఆ భయాన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టుకుని కుప్పం చేరాను.